మునెప్పన్న బ్యాటరీ సైకిలు

మునెప్పన్నా,

ఎట్లున్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ ఒక్క ముక్కయినా రాయలేదేమని కోపమా... రాద్దామని కూర్చుంటే చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడుంది. పోయిన ఆదివారం మళ్లీ మన కొండ ఎక్కాను. నీ బ్యాటరీ సైకిలు మీద.

నవ్వకు. మొదట్నుంచీ చెబుతాను.

నువ్వు పోయాక నాకు ఆదివారాలంటే విసుగు పుట్టింది. మనిద్దరం కొండెక్కడానికని, పుంగనూరు నుంచి మా మదనపల్లె మార్కెట్టుకొచ్చే టమోటా బండిలో సైకిలు ఎక్కించుకుని, పెట్టెల పక్కన దర్జాగా కూర్చుని దిగేవాడివి. ముప్పై ఏళ్లు మదనపల్లె–కుప్పం బస్సు నడిపినవాడివి, ఇప్పుడు టమోటాలతో పాటు ప్రయాణమా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ బండ్లు ఇప్పుడూ వస్తున్నాయి. వాటిలో నువ్వు ఉండవని తెలిసి కూడా ఎందుకు తలెత్తి చూస్తానో...

గుండెకు స్టెంటు వేశాక నువ్వు బ్యాటరీ సైకిలు కొన్నావు. గుర్తుందా, నేనెంత ఏడిపించానో? మోటారు తోస్తే ఎక్కడం కూడా ఒక ఎక్కడమేనా అన్నాను. నువ్వు ఒక్క మాటతో నా నోరు మూయించావు. "కరెంటు స్తంభాలెక్కి పిల్లోళ్లను సదివించుకున్నోడివి, కరెంటు బండంటే నీకు నామోషీనా శివా? గుండెకాయ ఒగటే ఉండాది, దాన్ని కొండకు కట్టేసి ఈడ్సల్లనా?"

లైన్‌మెన్‌ని కదా, పైకి నవ్వేశాను. మనసులో మాత్రం నా కాళ్లు నావే అనుకున్నాను.

ఆ కాళ్ల పొగరే నన్ను పడేసింది అన్నా.

వానలు ఆగిన కొత్తలో ఒక్కణ్ణే పాత గేర్ సైకిలు తీసుకుని కొండకు పోయాను. ఎక్కడం ఎక్కేశాను, రొప్పుతూనే. దిగేటప్పుడు, ఆ గరుసు రాళ్ల వాలు దగ్గర చక్రం జారింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి భుజం మీద పడ్డాను. "దిగేకాడ రెండు బ్రేకులూ మెల్లగా పట్టల్ల, బస్సయినా సైకిలయినా" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పి ఉంటావు! అంతసేపూ ఆ మాటే చెవిలో మోగుతోంది. అప్పుడు మోగి ఏం లాభం?

మేకలు కాసుకునే ఒకావిడ చూసి, నీళ్లు తాగించి, నా ఫోన్‌లోంచి మా ఆవిడ లక్ష్మికి చెప్పింది. మెడ కింద ఎముక విరిగింది. డాక్టరు సైకిలు తొక్కొద్దని అనలేదన్నా, ఈ వయసులో మళ్లీ పడొద్దన్నాడు. మా లక్ష్మికి మాత్రం రెండూ ఒకటే. సైకిలును పాత సామాన్ల గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ దాచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎముక అతుక్కుంది. నేను మాత్రం అతుక్కోలేదు. మిద్దె మీదికెళ్లి ఆ కొండను చూసేవాణ్ణి. పైన మనం కూర్చునే గుండురాయి ఇక్కడి నుంచి చిటికెన వేలి గోరంత కనిపిస్తుంది. నీ పక్కన అక్కడ కూర్చుని సంగటి తిన్నవాణ్ణి. ఇక ఈ జన్మకు దాన్ని మిద్దె మీంచి చూడటమేనా? ముసలితనమంటే ఇదేనా అన్నా, నిన్నటిదాకా ఎక్కిన చోటును వేలెత్తి చూపించుకోవడం?

చెప్పడానికి సిగ్గుగా ఉంది... ఒకరోజు ఏడ్చాను కూడా.

నీ ఏడాది కార్యానికి పుంగనూరు వచ్చాం, నేనూ లక్ష్మీ. భోజనాలయ్యాక నాగమ్మ వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. కొట్టం కింద దుప్పటి తీస్తే నీ బ్యాటరీ సైకిలు. తుడిచి, నూనె రాసి, పెళ్లికొడుకులా నిలబెట్టింది. కుప్పంలో ఉన్న మీ అమ్మాయి అమ్మేద్దామందట, వదిన ఒప్పుకోలేదట. ఇంకో సంగతి విను. వాడకుండా వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుందని నువ్వెప్పుడో చెప్పావట. అందుకని ప్రతి శనివారం దేవుడికి దీపం పెట్టి, వెంటనే దీనికి ఛార్జింగ్ పెడుతోంది. తొక్కేవాళ్లు లేని సైకిలుకు, ఏడాది పొడుగునా!

ఆ మాట విని నేను తల తిప్పుకోవాల్సి వచ్చింది.

నన్ను తొక్కమంది వదిన. లక్ష్మి ముఖం చూశాను. కాదనలేదు, ఔననలేదు. అదే చాలనుకుని సైకిలు బయటికి తీశాను. ఇక్కడే జరిగింది అసలు తమాషా.

మనం సైకిలు ఎట్లా ఎక్కుతాం? ఎడమ పెడల్ మీద కాలు పెట్టి, రెండు గెంతులు గెంతి, కాలు అటువైపు వేస్తాం. చిన్నప్పుడు మా నాయన పెద్ద సైకిలు మీద నేర్చుకున్న విద్య, అరవై దాటినా మారలేదు. అలాగే పెడల్ మీద కాలు పెట్టాను. నువ్వేమో కొండెక్కడానికని మోటారును పై మెట్టులో పెట్టి పోయావు! కాలి బరువు పడిందో లేదో, అది ముందుకు దూకింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో. హ్యాండిల్ పట్టుకుని నీ పెరడంతా కుంటుతూ పరిగెత్తి, చివరికి రాగిగడ్డి వామిలో తలదాకా దూరిపోయాను. మీ పొట్టి ఆవు బెదిరి పలుపు తెంచుకున్నంత పని చేసింది.

దెబ్బ తగల్లేదు. అందరూ పరిగెత్తుకొచ్చారు.

అప్పుడు వదిన నవ్వింది అన్నా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. నువ్వు పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలని లక్ష్మి తర్వాత చెప్పింది. ఆ నవ్వులోనే అచ్చం నీ గొంతుతో నీ మాట అందుకుంది. కదిలే బస్సు వెంట పరిగెత్తేవాళ్లకు కిటికీలోంచి తల బయట పెట్టి చెప్పేవాడివే, ఆ మాట.

"బండి నిల్సినాక ఎక్కప్పా! యాల అంత తొందర? నిన్ను ఇడిసిపెట్టి యాడికీ పోనులే."

చివరి ముక్క దగ్గరకొచ్చేసరికి ఆమె కొంగు నోటి మీంచి కళ్లకు పోయింది. గడ్డి దులుపుకుంటూ నేనూ ఏడ్చాను. ఎంతమందికి ఆ మాట ఇచ్చావన్నా... మాకెందుకు నిలబెట్టుకోలేదు?

కాసేపటికి వదినే కళ్లు తుడుచుకుని, గడ్డి నా మీసాల్లో కూడా ఉందని మళ్లీ నవ్వింది.

ఆ సాయంత్రం వదిన సైకిలును మాతో పంపుతుంటే, లక్ష్మి తానుగా నోరు విప్పింది. మూడు షరతులు. హెల్మెట్ లేకుండా గడప దాటకూడదు. గరుసు వాలు దగ్గర దిగి నడిపించుకోవాలి. ఒంటరిగా పోకూడదు. తోడెవరని అడిగితే, ఆమెకు షుగరుంది కదా, నడక కలిసొస్తుందని కొండ సగం దాకా తానే వస్తానంది. నలభై ఏళ్ల కాపురంలో నాతో కొండకొస్తానని ఆమె అనడం ఇదే మొదలు. ఇది నీ సైకిలు మహిమ కాక ఏమిటి?

ఇప్పుడు ఎక్కే పద్ధతి మార్చాను. సైకిలు నిలబెడతాను. రెండు బ్రేకులూ పడతాను. కాలు అటువైపు వేసి, సీటు మీద కుదురుగా కూర్చుని, మోటారు చిన్న మెట్టులో ఉందో లేదో చూసి, అప్పుడు పెడల్ మీద కాలు. మొదట్లో ముసలాణ్ణి అయిపోయానని చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు లేదు.

ఆదివారం లక్ష్మి సగం దాకా నడిచొచ్చి ఆగింది. ఎక్కుతుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా? తొక్కేది నేనే, చెమట నాదే. ఊపిరి మాత్రం అందుతోంది. వెనకటి కంటే నిదానంగా పోతే కొండ ఎక్కువగా కనబడింది. సీతాఫలం చెట్లు ఎన్ని ఉన్నాయి అన్నా ఆ దారి పక్కన! ఇన్నేళ్లూ రొప్పడంలో చూడనే లేదు. దిగేటప్పుడు తెలిసింది, బరువైన బండి కదా, నిలబడటానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. నీ మాట ప్రకారం రెండు బ్రేకులూ మెల్లగా, ముందు నుంచే పట్టాను. గరుసు దగ్గర దిగి నడిచాను. మేకలావిడ చూసి, ఈసారి నీళ్లు అక్కర్లేదా అని అడిగింది.

గుండు మీద కూర్చుని సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాను. నీ వాటా కాకికి పెట్టమని లక్ష్మి కట్టిచ్చింది. పెట్టలేదు, అదీ నేనే తిన్నాను. కష్టపడి ఎక్కింది నేను కదా!

ఇక అసలు సంగతి. కుప్పం.

"ఆ రోడ్డును ముప్పై ఏండ్లు అద్దంలోంచి సూసినా, ఒగతూరి గాలిలో సూడల్ల శివా" అనేవాడివి. ఇద్దరం పోదామన్నావు. ఎండలు తగ్గాలన్నావు, వానలు ఆగాలన్నావు... ఈ చలికాలం నేను పోతున్నాను. ఒంటరిగా పోకూడదన్న షరతును లక్ష్మి ఈ ఒక్కసారికి సడలించింది, గంటకోసారి ఫోన్ చెయ్యాలంది. మొదటి రోజు పుంగనూరు, రాత్రికి మీ ఇంట్లో మకాం, వదిన ఛార్జింగ్ పెడుతుంది. మర్నాడు పలమనేరులో భోజనం, బ్యాటరీకి కూడా. రెండో రాత్రి దారిలోనే ఆగుతాను. కుప్పం వైపు ఏనుగులు తిరుగుతున్నాయి కాబట్టి పొద్దుగూకాక చక్రం కదపను. వదిన, లక్ష్మి నువ్వు నడిపిన బస్సులోనే వచ్చి మీ అమ్మాయి ఇంట్లో కలుస్తారు. వదిన డ్రైవరు వెనక సీటే కావాలంటోంది. ఎందుకో నీకు చెప్పాలా?

నువ్వు అద్దంలోంచి చూసిన చెట్లన్నీ నేను గాలిలో చూసి వచ్చి చెబుతాను. నాకేం తొందర లేదు. నీ దగ్గరికి రావడానికి కూడా తొందర లేదన్నా, ఏమీ అనుకోకు. ఆ బండి కూడా నిలిచాకే ఎక్కుతాను.

ఉంటాను,
నీ లైన్‌మెన్ శివ