స్పిరిట్ వాసన

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని రాయడం అలవాటు గనక రాస్తున్నాను. మీ అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే సతాయిస్తున్నాయి, వంటింటి కుళాయి ఎప్పటిలాగే కారుతోంది. నీ కొత్త గదిలోకి ఎండ బాగా వస్తోందని రాశావు, సంతోషం. మంచం మాత్రం కిటికీకి ఆనించకు, చెక్క బీటలిస్తుంది.

నా అక్షరాలెందుకు వంకర్లు పోతున్నాయని అడిగావు. "నాన్నా, అమ్మ చెప్పింది నిజమేనా, తాగుతున్నావా?" అనీ అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే, కాస్త ఓపిక పట్టు. నాకెటూ ఓపిక లేకుండా పోయింది, నీకైనా ఉండనీ.

సాయంత్రం పాలిష్ షాపు కట్టేసి వచ్చేసరికి తల దిమ్మెక్కిపోతోంది. గుమ్మంలో తూలుతున్నాను, మాట ముద్దగా వస్తోంది. మొదటిసారి మీ అమ్మ ఏమీ అనలేదు. రెండోసారి ఉతికి ఆరేసింది.

"స్పిరిట్ వాసనే! బీరువాకి పాలిష్ పెట్టి వస్తున్నా" అన్నాను.

"నా చెవిలో పూలు పెట్టకండి. ఇన్నేళ్లూ ఇదే వాసనతో వచ్చారు, ఒక్కనాడైనా తూలారా? ఆ వాసన చాటున ఇంకోటి పట్టిస్తున్నారు."

లాయరు కావాల్సిన మనిషి, మనింట్లోకి వచ్చి పడింది.

ఆవిడకు తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాను. రక్తం పరీక్ష చేయించి, నా గోళ్లకంటిన లక్క చూసి, ఏం పని చేస్తారని అడిగాడు.

"వయసులో ఉన్నప్పుడు మీ లివరు, మీరు పీల్చిన స్పిరిట్ లాంటి పరాయి రసాయనాన్ని తెల్లారేసరికి విరగ్గొట్టి బయటికి పంపేసేది" అన్నాడు. "ఇప్పుడు అదీ కాస్త చిక్కిపోయింది, దానికి చేరే రక్తమూ తగ్గింది. పని చేస్తోంది, కానీ నిదానంగా. నిన్న పీల్చింది పోకముందే ఇవాళ్టిది వచ్చి పడుతోంది."

"మూతికి గుడ్డ కట్టుకుంటానండీ."

"కట్టుకోండి. ఇంట్లో కూర్చుని కట్టుకోండి. లేదంటే ఒకరోజు షాపులోనే పడిపోతారు, ఇక లేవరు."

ఇక నీకు చెప్పలేక దాటేస్తూ వచ్చిన సంగతి. ఈ మాట మీ అమ్మకు చెప్పలేదు. ఒక్క చుక్క ముట్టకపోయినా, తాగుతున్నాననే అనుకోనిచ్చాను. తాగుబోతు మొగుడైతే తిడుతుంది, ఏడుస్తుంది, ఊరుకుంటుంది. పాలిష్ వల్లనని తెలిస్తే మర్నాడే షాపుకు తాళం పడుతుంది. ఆ షాపు లేకపోతే నేనెవరినో నాకే తెలియదమ్మా. అందుకే తిట్లు తింటూ రోజూ వెళ్లాను, రోజూ తూలుతూ వచ్చాను. అలిసిపోయాను తల్లీ.

నిన్న ఇంటికొచ్చేసరికి బల్ల మీద మందు సీసా, గ్లాసు, చెంబుతో నీళ్లు. బ్రాందీ దుకాణం ముందు ముక్కు మూసుకుని నడిచే మీ అమ్మ, మగాళ్ల మధ్య నిలబడి కొనుక్కొచ్చింది.

"రోడ్డు మీద పడి చావకండి. తాగేదేదో నా కళ్లెదుట తాగండి. ఏమీ అనను" అంది.

షాపు తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "ఇంక వెళ్లను" అన్నాను.

"నా మాట విన్నారు" అంటూ నా భుజం మీద పడి ఏడ్చింది.

పొద్దుటినుంచి పక్కింటావిడకీ, పాలు పోసేవాడికీ ఒకటే చెప్పడం, మా ఆయన మానేశారు, అడగ్గానే మానేశారు అని. ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్లయిందో. నాకేమో ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నువ్వు మాత్రం నిజం చెప్పకు. ఫోను చేసినప్పుడు, నాన్న మానేశాడట కదా అని నువ్వూ సంతోషపడు.

ఇట్లు,
తాగుడు మానేసిన
మీ నాన్న