నీ గినీపందులకు చలి

బిడ్డా రాధా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా నీ గినీపందుల సంగతి నీకు కాక ఎవరికి చెప్పను?

ఈసారి అడవి వైపు నుంచి చలి జల్దీగా దిగింది. పెరట్లో బోనులో రెండూ ఒకదాని కింద ఒకటి దూరి వణికాయి. నువ్వు చేసినట్టే ఎండు వరిగడ్డి మందంగా పరిచి, గాలి కొట్టకుండా పైన గోనెసంచి కప్పాను. తెల్లారి చూస్తే రెండూ ఒకటే తుమ్ములు. చలి పట్టింది, ఇక దక్కవనుకుని మీ నాన్నను కేకేశాను.

మీ నాన్న వచ్చి సంచి ఎత్తి, తనూ తుమ్మాడు.

"ఏందే, గిది మిరపకాయల సంచి గదా! వాటికి తాలింపు పెడుతున్నవా?"

రెండుసార్లు ఉతికినా ఆ ఘాటు పోలేదు. ఇంట్లో ఇంక మందంగా ఉన్నది నీ దుప్పటి ఒక్కటే. నువ్వు పోయినప్పటి నుంచి దాన్ని ఉతక్కుండా పెట్టెలో దాచుకున్నాను.

"తియ్యే. చలికి అవి గూడ పోతే ఏం జేస్తవ్?" అన్నాడు.

తీశాను. బోనుకు మూడు వైపులా కప్పి, ముందు గాలి ఆడేందుకు వదిలాను.

ఎప్పుడూ నీ అడుగుల చప్పుడుకే అరిచేవి కదా, నేను వెళ్తే మూలకు నక్కేవి. ఈ పొద్దున దుప్పటి అంచు కొరుకుతూ నన్ను చూసి అరిచాయి. నా కోసమో, నీ వాసనకో తెలియలేదు బిడ్డా. గడ్డి వేయడం మరిచి అట్లాగే నిలబడిపోయాను.

మీ అమ్మ