పెదవుల చుట్టూ తిమ్మిరి

సుశీల సిస్టర్ గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఇవాళ మన గుంటూరు వార్డులో జరిగింది మీకు చెప్పాలనిపించింది.

పెదకాకాని కోటమ్మకి నిన్న థైరాయిడ్ ఆపరేషన్ అయింది. పొద్దున బీపీ బాగానే ఉంది, కట్టూ పొడిగానే ఉంది. అయినా మీలాగే పక్కన కూర్చుని, "పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందామ్మా?" అని అడిగాను. నేను మీతో పనిచేసిన మూడేళ్లలో ఈ మాట అడక్కుండా మీరు ఏ థైరాయిడ్ పేషెంటునీ దాటి వెళ్లలేదు.

"ఉందమ్మా. వేళ్లూ కొంకర్లు పోతున్నాయి. మిరపకాయలు కోసే చేతులు కదా, మామూలేననుకున్నా."

పరుగెత్తి డాక్టర్ గారిని పిలిచాను. కాల్షియం పడిపోయిందన్నారు. ఇంజెక్షన్ మెల్లగా ఎక్కిస్తున్నంతసేపూ నాడి మీంచి నా చెయ్యి తీయలేదు. కాసేపటికి వేళ్లు వదులయ్యాయి.

"ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి. ఎలా కనిపెట్టారు సిస్టర్?" అన్నారాయన.

"సుశీల సిస్టర్ నేర్పారండి."

ఆయన కొత్త, మీరెవరో తెలియదు. కోటమ్మ మాత్రం, "ఆ సిస్టరమ్మని ఓసారి పిలవమ్మా, దణ్ణం పెట్టుకుంటాను" అంది.

ఇవాళ రారని చెప్పాను.

మీ రజియా