అచ్చిరాని బండి

విజయవాడ,
ఆదివారం

శ్రీవారికి మీ కనకం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మగారూ నేనూ క్షేమం. ఆ కొండల్లో, ఆ డ్యాము పనుల మధ్య మీరూ వేళకు తింటున్నారని నమ్ముతున్నాను. ఫోన్ చేద్దామంటే మీ దగ్గర సిగ్నల్ ఉండదు. ఉన్న కాసేపూ నన్ను మాట్లాడనివ్వరు. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో అడ్డం రావడానికి వీల్లేదు, చివరిదాకా చదవాల్సిందే.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య బీపీ మాత్ర వేసుకుంటోంది, నా కళ్ళెదుటే. మా బడికి సెలవులిచ్చారు. ఆవకాయ పార్సిల్ వేశాను. నూనె కారితే మాత్రం నన్ననకండి, కొరియర్ వాళ్ళననండి.

ఇక బండి సంగతి. "కాలిన బండి మనకొద్దు, వెనక్కి తీసుకోకపోతే కోర్టుకెక్కుతానని దాన్ని కట్టిన షెడ్డాయనకి రాసేశాను" అన్నారు. మీ తొందర మీదే. పడకా, పొయ్యీ, బాత్‌రూమూ ఉన్న ఆ వ్యాను ఎవరికోసం కట్టించారో మర్చిపోయారా? దారిలో మాటిమాటికీ బండి ఆపించాలన్న సిగ్గుతో అత్తయ్య ఊరు దాటడమే మానేసింది. కాలవ చివరి పొలంతో బతుకంతా గడిపిన మనిషి. "నీళ్ళొస్తాయా రావా అని గట్టు మీద కూర్చునే ముసలిదాన్నయ్యాను. ఆ కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు ఒక్కసారి చూస్తే చాలురా" అని మీతో అన్నది ఆమే. తీరా బండి వచ్చి, పూజయి, మీరు వెళ్ళిన వారానికి ఇంటి కరెంటుకి ప్లగ్గు పెట్టగానే సీటు కిందనుంచి పొగ. అప్పట్నుంచి ఆమెది ఒకటే పాట, "ఈ బండి మనకి అచ్చిరాలేదు, తిరిగిచ్చెయ్యండి" అని.

నాకు మనసొప్పలేదు. మీకు చెప్పకుండా ఇబ్రహీంపట్నం నుంచి దీవెన అనే ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. చిన్నపిల్లే గాని నోరు పెద్దది. కాలింది కన్వర్టర్ అని తేల్చింది. ఇంటి కరెంటును పన్నెండు వోల్టులకు దించి, బ్యాటరీని చార్జ్ చేసి, లైట్లనూ నీళ్ళ మోటారునూ నడిపే పెట్టె అదే. దాని వేడికి పక్కనున్న బ్రేకర్ల పెట్టె కూడా కరిగిపోయింది. ప్లగ్గు పీకి, బ్యాటరీ తీగ విప్పి, ఏ వైరు దేనిదో నాచేత చీటీలంటించి, అప్పుడు కన్వర్టర్ మూత తీసింది. లోపల్నుంచి ఏదో లాగి నా అరచేతిలో పెట్టింది.

"మేడం, కన్వర్టర్లో కొబ్బరిపీచు పెట్టే కంపెనీని నేనైతే ఇంతవరకు చూళ్ళేదండీ."

అడుగున పసుపు మరక, ఎండి అట్టకట్టిన నీళ్ళచార. పూజనాటి వాన గుర్తుందా? మీరు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి. తడుస్తానని అత్తయ్య లోపలికెక్కి, సీటు ఇనుప అంచుకేసి కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్ళన్నీ దిగింది ఈ పెట్టెలోకే. పాపం షెడ్డాయన ఏమీ ఎరగడు.

దీవెన కొత్త కన్వర్టర్నూ, కొత్త బ్రేకర్ల పెట్టెనూ సీటు కింద కాకుండా గోడకి ఎత్తున బిగించింది. టార్చి పట్టుకోమంటే ఊరుకోలేక నేనూ నాలుగు వైర్లు బిగించాను. చివర్న ప్రతి వైరునూ ఒకసారి లాగి చూసింది, నేను బిగించినవి మాత్రం రెండేసిసార్లు. నాకు కాస్త ఒళ్ళు మండింది. కానీ బ్రేకర్ పైకెత్తగానే లైట్లన్నీ వెలిగితే, అలవాటు కొద్దీ నేను చేతులు జోడించాను, "స్తోత్రం" అంది దీవెన. అత్తయ్య మాత్రం వరండాలోంచి కదల్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీకు చెప్పకూడదనే అనుకున్నాను. నిజం తెలిస్తే ఆమె నొచ్చుకుంటుందని అబద్ధమాడాను. "అచ్చిరాకపోవడమేం లేదత్తయ్యా, సీటు మీద నేనే టీ ఒలకబోశాను, అందుకే కాలింది" అన్నాను. ఆమె నా మొహంకేసి చూసింది, తర్వాత నా చేతికేసి. పారేద్దామని తీసిన పీచు నా చేతిలోనే ఉంది.

"టీలో పీచెక్కడిదే?" అంది.

నేను గుప్పిట మూశాను.

"పొగొచ్చిన రోజే కొబ్బరి మాడిన వాసన పట్టాను కనకం. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ పొయ్యి దగ్గరే ఉన్నదాన్ని, నాకు తెలీదా? వాడు అమ్మ కోసమని ముచ్చటపడి కట్టించిన బండిని నా చేతుల్తో నేనే తగలేశానని ఎట్టా చెప్పనే? అచ్చిరాలేదంటే దేవుడి మీదకి పోద్దనుకున్నాను."

అని ఏడ్చింది. మామయ్య పోయినప్పుడు తప్ప ఆమె కంట నీరు నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపు ఆగలేదు.

ముందు షెడ్డాయనకి క్షమించమని రాయండి. తర్వాత సెలవు పెట్టి రండి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి ముగ్గురం వెళ్దాం. ఈసారి కొబ్బరికాయ సముద్రపు ఒడ్డున కొడుతుందట, బండికి ఆమడ దూరంలో.

కాకపోతే మీ మాట వచ్చేదాకా బండెక్కనంటోంది. నేనిది రాస్తుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "వాడికి కోపమొస్తదంటావా?" అని అడుగుతూనే ఉంది. దానికి నేనేం చెప్పను? ఈసారి ఉత్తరం నాకు రాయకండి. అమ్మ పేరున రాయండి, అక్షరాలు కాస్త పెద్దవిగా.

ఇట్లు,
మీ ఇల్లాలు
కనకలక్ష్మి