ముప్పై ఏడో షీటు

బావా,

నువ్వు పోయి ఏడు నెలలైంది. అక్క బాగానే ఉంది. సాయంత్రాలు షెడ్డుకొచ్చి నీ కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్తోంది. తెనాలిలో మన షెడ్డు మూతపడలేదు, నేనే తెరుస్తున్నాను. రైసు మిల్లులకీ ఐసు ఫ్యాక్టరీలకీ ప్యానెల్ బోర్డులు ఇంకా మన దగ్గరే చేయించుకుంటున్నారు. అంతా నీ బీరువా పుణ్యమే.

ఆ బీరువా విలువ నువ్వున్నప్పుడు నాకు తెలియలేదు. ఏ బోర్డు డ్రాయింగులైనా ఒకటే వరస. పదో షీటు నుంచి కరెంటు లోపలికొచ్చే దారి, ఇరవై నుంచి మోటార్లు, ముప్పై నుంచి కంట్రోలు, నలభై నుంచి బయటికెళ్ళే తీగలు. కొత్త పని రాగానే మాస్టర్ సెట్టుకి నకలు తీసి మోటారు సైజులు మార్చుకుంటే సగం పని అయిపోయినట్టే. "ఒకసారి గీసింది పదిసార్లు పనికి రావాలిరా" అనేవాడివి.

కానీ బావా... ముప్పై ఆరు తర్వాత ముప్పై ఎనిమిది. ముప్పై ఏడేది?

మొదట దుగ్గిరాల పసుపు కోల్డ్ స్టోరేజీ ఫైల్లో చూసి, జారిపోయిందేమో అనుకున్నాను. తర్వాత కొల్లిపర మిల్లు, ఆ తర్వాత రేపల్లె ఐసు ఫ్యాక్టరీ... బీరువా మొత్తం దించాను. ఒక్క ఫైల్లోనూ లేదు. అన్నిట్లోంచీ అదే షీటు దానంతటదే మాయమవుతుందా?

నా బుద్ధి నీకు తెలుసుగా. "అనుమానప్పక్షి" అని పేరు పెట్టిందే నువ్వు. నీ తర్వాత బీరువా తాళం ఎవరి దగ్గరుంది? పన్నెండేళ్ళు నీ వెంట తిరిగిన వైర్‌మన్ కోటేశ్వరరావు దగ్గర. అతను ఆదివారాలు బాపట్లలో ఎవరిదో షెడ్డుకి వెళ్తున్నాడని అప్పటికే విన్నాను. నాకు ఇంకేం కావాలి? అసలు కిటుకంతా ఆ షీటులోనే ఉందనీ, దాన్ని బాపట్లకి చేరవేశాడనీ తేల్చేసుకున్నాను. అతని సంచి వంక చూసేవాడిని. ఫోను మాట్లాడటానికి బయటికెళ్తే కిటికీ దగ్గర నిలబడి వినేవాడిని. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఒక రోజు మొహం మీదే అడిగేశాను. ముప్పై ఏడంటే ఏంటని అడగలేదు బావా, ఎక్కడ దాచావని అడిగాను. అతను తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు మెదపలేదనుకున్నాను. ఆ వారంలోనే బాపట్ల షెడ్డులో చేరిపోయాడు. నేను ముందే చెప్పానా లేదా అని అక్క దగ్గర గొప్పలు పోయాను.

అంతటితో ఆగానా? ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఒళ్ళు మండి, మాస్టర్ సెట్టులో ముప్పై ఎనిమిదిని ముప్పై ఏడు చేశాను. ఆ వెనకవన్నీ ఒక్కొక్కటి ముందుకి జరిపాను. తీగ చివర తొడిగే నంబరులో షీటు నంబరు కూడా ఉంటుందని తెలిసి కూడా.

పోయిన వారం రేపల్లె ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు రెండో కంప్రెసరు పెడుతున్నామని పిలిచారు. నేను మార్చిన మాస్టర్ సెట్టుకి నకలు తీసిన కొత్త కాగితాలు పట్టుకెళ్ళాను. బోర్డు తలుపు తీస్తే కాగితంలో ఉన్న నంబరు తీగ మీద లేదు, తీగ మీద ఉన్నది కాగితంలో లేదు. నా అవస్థ చూసి అక్కడి ముసలి ఆపరేటరు తలుపు లోపలి రేకు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు.

ముప్పై ఏడు. నీ పెన్సిలు రాత.

"ఇక్కడి ఆపరేటరుకి కంప్రెసరు మోతకి చెవులు దెబ్బతిన్నాయి. హెచ్చరిక గంట వినపడదు. ఆయన బల్లకి ఎదురుగా ఎర్ర దీపం పెట్టాం. ఇది ఈ చోటుకే. నకలు తీయొద్దు."

కింద, అడిగి తెలుసుకున్నది కోటేశ్వరరావు అని రాశావు.

పదిసార్లు పనికొచ్చేది బీరువాలో పెట్టి, ఒక్క మనిషికే పనికొచ్చేది ఆ మనిషి దగ్గరే వదిలేసి వచ్చేవాడివన్నమాట. కోటేశ్వరరావు రెండు రోజులు తన పక్కనే కూర్చుని అన్నీ అడిగాడని ఆ పెద్దాయన చెప్పాడు. మరి నాకెందుకు చెప్పలేదు బావా? ఒక్క మనిషి కోసం ఇంత పనా అని అడ్డం పడతాననా? చూడు, నీ మీద కూడా అనుమానమే నాకు...

షెడ్డుకి తిరిగొచ్చి, చేసిన బోర్డుల్ని పరీక్షించే మన టెస్టింగు బోర్డు తలుపు తీశాను. ఇన్నేళ్ళలో దాని రేకు జేబులో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. అందులోనూ ఒక ముప్పై ఏడు ఉంది.

"మా బావమరిది కరెంటు ఆపి సగం దూరం వెళ్ళి, ఆపానో లేదోనని వెనక్కొస్తాడు. కరెంటు ఉన్నంతసేపూ వెలిగే దీపం వీధి చివరికి కూడా కనపడేటట్టు గుమ్మం పైన పెట్టాం."

కింద మళ్ళీ అదే పేరు.

ఆ దీపం కింద నుంచే బావా, అతను ఆ రోజు వెళ్ళిపోయింది.

నంబర్లన్నీ నీ వరసకే తెచ్చేశాను. ముప్పై ఏడు ఖాళీగానే ఉంది. రేపు పొద్దున బస్సుకి తాళంచెవి తీసుకుని బాపట్ల వెళ్తున్నాను. అతను వస్తాడంటావా? ఏమో. ఈసారి మాత్రం ముందు పక్కన కూర్చుంటాను, తర్వాతే అడుగుతాను.

నీ అనుమానప్పక్షి