సగం గడ్డం దీక్ష

సోమవారం, పొద్దున 7
తలలోంచి రెండు గడ్డలు తీశారు. ప్రమాదం లేనివట. మంచివైతే ఉంచొచ్చుగా అన్నాను. డాక్టరు నవ్వలేదు. ఒళ్లు దారికొచ్చేదాకా ఈ వార్డులోనే. ఎడమ పక్క చూడటం మర్చిపోతున్నానట, థెరపీ అమ్మాయి చెప్పింది. ముప్పై ఏళ్లుగా సెలూన్ నడుపుతున్నవాడికి పక్కలు నేర్పుతోంది!
దీక్ష: రోజూ నా గడ్డం నేనే గీసుకుంటా. వారంలో ఇల్లు. మర్నాడే షాపు.

మంగళవారం
గడ్డం అద్భుతం! ఒక్క గాటు లేదు. సిస్టర్ చూసి మాట్లాడకుండా వెళ్లిపోయింది. మెచ్చుకోలు ఎక్కువైతే మాట రాదు.
భోజనమే అన్యాయం. సగం కంచమే పెడుతున్నారు. అడిగితే సిస్టర్ కంచం తిప్పింది. ఇంకో కూర! ముందే పెట్టి ఏడవచ్చుగా.
మా ఆవిడ రాలేదు.

బుధవారం
బావమరిది ఫోటో తీసి చూపించాడు. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది. అద్దం చిన్నది. లైటు ఒక పక్కే. నురగ నాసిరకం. ఆడలేక మద్దెల ఓడు అన్నాడు వాడు, బావనని కూడా చూడకుండా.

గురువారం
గడ్డం వాయిదా. బ్లేడు పదును లేదు.
అబద్ధం. భయమేసింది. రేపు షాపులో ఎవరి గొంతు మీదో కత్తి పెట్టాలి. ఆ మనిషికీ ఎడమ పక్కుంటుంది.
మా ఆవిడ తలుపు అవతల నుంచే "తిన్నారా" అని అడుగుతోంది. లోపలికి రాదు. ఇన్నేళ్ల కాపురం ఇంతేనా! ఏడ్చాను.

శుక్రవారం
గడ్డం లేదు, గిడ్డం లేదు. జబ్బుపడ్డ మొగుణ్ణి వదిలేసిందని థెరపీ అమ్మాయికి మా ఆవిడ మీద చాడీలు చెప్పాను. అంతా విని, తల ఎడమకి తిప్పమంది. ఇంకా తిప్పమంది. ఇంకా.
కుర్చీలో మా ఆవిడ. నా చొక్కాలు మడతపెడుతోంది. నాకు అటు చూడటం అలవాటవ్వాలని సోమవారం నుంచీ అక్కడే కూర్చోబెట్టారట. చాడీలన్నీ వినేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.
"తిట్టండి, పర్లేదు," అంది. "తిట్టేటప్పుడైనా ఇటు చూడండి."

శనివారం, పొద్దున 7
కొత్త దీక్ష: ఎడమ చెంపతోనే మొదలు. షాపు కొన్నాళ్లు నువ్వే చూసుకోమని బావమరిదికి చెప్పాను.
మా ఆవిడ ఎడమ వైపు నిలబడి అద్దం పట్టుకుంది. ఎడమ చెంప నున్నగా వచ్చింది. అటే చూస్తూ కూర్చుని కుడి చెంప మర్చిపోయాను.
రేపట్నుంచి రెండూ.