కుక్క లైసెన్సు నా పేరు మీద ఉంది

మండపేట,
ఆదివారం ఉదయం.

అన్నయ్యకీ వదినకీ నమస్కారాలు చెప్పి సూరిబాబు రాస్తున్న సంగతులు.

నేనూ పద్మా బాగానే ఉన్నాం. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఇంట్లో ఫోన్ పట్టుకుంటే పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఇవాళ మిల్లుకి సెలవు, కాటా గదిలో ఒక్కణ్ణే కూర్చుని రాస్తున్నాను.

ఇల్లరికం వచ్చి ఎనిమిది నెలలైంది. మావయ్య గారి మిల్లులో పని కష్టమేమీ కాదు, లారీలు తూకం వేయించి రాసుకోవడమే. ఎండ, ఊక దుమ్ము మాత్రం భరించలేకుండా ఉన్నాను. తలంటుకున్న పూటే జుట్టు మళ్ళీ గరగరలాడుతుంది. మన ఆత్రేయపురం కాలవగట్టు గాలి గుర్తొస్తుంది. తిండికి లోటు లేదు, కంగారు పడకు.

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటుంది. ఈ ఇంట్లో కుక్కని చూస్తే నాకు కుళ్ళు. నవ్వకు అన్నయ్యా. దాని పేరు రాజా. నల్లగా దూడంత ఉంటుంది. మావయ్య గారు మిల్లు నుంచి రాగానే, "రాజా తిన్నాడా?" అని అడుగుతారు. నేను తిన్నానో లేదో ఇంతవరకు అడగలేదు. కారులో ముందు సీటు దానిది. వెనక సీట్లో నేనూ, నా ఒళ్ళో దాని తువ్వాలూ. పనివాళ్ళు దాన్ని రాజా గారు అంటారు, నన్ను సూరిబాబు అంటారు. కారు సీటు సంగతి ఒక్కటీ పద్మతో అంటే, "కుక్కతో పోటీ ఏంటండీ మీకు?" అని నవ్వింది. ఆ నవ్వుతో ఇంకా మండింది.

అది కరిచే కుక్క. కొరియర్ అబ్బాయి ప్యాంటు చింపింది, పాలాయన్ని తరిమింది. కట్టేద్దామండీ అని రెండుసార్లు అన్నాను. "నా కుక్కని కట్టేయడానికి నువ్వెవడివి?" అన్నారు మావయ్య గారు.

పోయిన నెల గేటు తీసి ఉండగా వీధిలోకి ఉరికి, ఎదుటి సందులో ఇస్త్రీ బండి పెట్టుకునే వీరవేణి చెయ్యి పట్టేసింది. నేనే పరిగెత్తి లాగాను. నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇంజెక్షన్లు చేయించాను. కట్టు కట్టాక ఆవిడ అంది: "మీరు మంచోరే బాబూ. కానీ కేసు పెట్టక మాననండి. చెయ్యి అడ్డం పెట్టకపోతే పీకే పట్టేసేది." పెట్టొద్దనడానికి నాకు నోరు రాలేదు.

స్టేషన్ నుంచి కబురొచ్చింది. కరుస్తుందని తెలిసీ కుక్కని అదుపులో పెట్టకపోతే యజమానిది నేరమేనట. జరిమానా వెయ్యొచ్చు, జైలుకీ పంపొచ్చు. మావయ్య గారు మిల్లర్ల సంఘం ఎన్నికల్లో నిలబడుతున్నారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, "మునిసిపాలిటీ లైసెన్సు నీ పేరు మీదే ఉందబ్బాయ్. కుక్క నీదేనని చెప్పేయ్," అన్నారు. నిజమే. లైసెన్సు తీసుకున్న రోజు లైన్లో నిలబడ్డానికి నన్నే పంపారు, కాగితం నా పేరుతో వచ్చింది. ఈ ఇంట్లో నా పేరు మీద ఉన్నది అదొక్కటే.

కోర్టులో మేజిస్ట్రేట్ గారు అడిగారు.

"కుక్క మీదేనా?"

"నాదేనండి."

"కరుస్తుందని ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరెందుకు కట్టలేదు?"

గుమ్మం దగ్గర వీరవేణి కట్టు చేత్తో నిలబడి నన్నే చూస్తోంది. నేరం ఒప్పుకున్నాను కాబట్టి జరిమానాతో వదిలారు. మళ్ళీ ఎవరినైనా కరిస్తే జైలేనని గట్టిగా చెప్పారు.

వచ్చేటప్పుడు బజార్లో లావుపాటి గొలుసూ, మూతికి కట్టే తోలు చిక్కమూ కొన్నాను. నేరుగా వెళ్ళి పెరట్లో స్తంభానికి రాజాని కట్టేశాను. మావయ్య గారు కేకలేస్తూ వచ్చారు.

"ఎవరి కుక్కని కడుతున్నావ్?"

"నాదేనండి. కోర్టులో రాసుకున్నారు. మళ్ళీ కరిస్తే జైలుకెళ్ళేది నేనండి."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం తినలేదు. పద్మ నాతో మాట్లాడలేదు. వీరవేణి కోసం కట్టానా, నా కుళ్ళు తీర్చుకోవడానికి కట్టానా అని అడిగితే, రెండూ ఉన్నాయనే చెబుతాను.

నాలుగు రోజులు గడిచాయి. నిన్న పొద్దున్న నేను కాఫీ తాగుతుంటే మావయ్య గారు పెరట్లోంచి వచ్చి నిలబడ్డారు. కళ్ళెత్తి నన్ను చూడలేదు.

"అల్లుడు గారూ, గేటు వేసే ఉంది. కాసేపు విప్పమంటారా?"

ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి. గేటు నిజంగానే వేసి ఉంది. విప్పితే ఏమీ కాదు.

"వద్దండి," అన్నాను.

ఆయన వెళ్ళి కుక్క పక్కన నేల మీద కూర్చున్నారు. వద్దనగానే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను అన్నయ్యా. అది మంచి సంతోషం కాదని తెలుసు. కాఫీ మాత్రం పూర్తిగా తాగాను.

వదిన పెట్టిన మాగాయ ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. పెద్దత్తకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. నా గురించి బెంగపడకండి, నేను బాగానే ఉన్నాను. మీ ఇద్దరి దీవెన నా మీద ఉండాలి.

మీ తమ్ముడు,
సూరిబాబు